అలిగిన పిల్లతో భూపాలపల్లికి

దసరా ముందు నేను చేసిన ప్రయాణంలో ఏడు రాస్తారోకోలు దాటాను. రెండు పోలీసు బండ్లను మాటలతోనే వెనక్కి పంపాను. ఒక నాయకురాలిని వెంటబెట్టుకుని వెళ్ళి ఆమె సమ్మెను విరమింపజేశాను. తిరిగొచ్చినప్పటి నుంచి జనగామ చాయ్ హోటల్లో ఈ మాటే చెబుతున్నాను.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి సరిచేసుకుంటాను. రాస్తారోకోలు రెండే, అందులో ఒకటి పిల్లలది. పోలీసు బండి ఒకటే వచ్చింది, అది తనంతట తానే పోయింది. నాయకురాలి సంగతి మాత్రం నిఖార్సైన నిజం. ఆమెకు ఆరేళ్ళు. నా మనుమరాలు, పేరు శ్రీజ.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు, బడులు లేవు, కచేరీలకు తాళాలు, బొగ్గుబాయిల్లోకి దిగేవాళ్ళు లేరు. మా అమ్మాయి రజిత ఉండేది భూపాలపల్లిలో. అల్లుడు రాజేందర్ బొగ్గుబాయిలో పనిచేస్తాడు. రజితకు రెండో కాన్పు దగ్గరపడిందని మా ఇంటామె ముందే అక్కడికి వెళ్ళింది. ఇంట్లో చేతులు చాలవని శ్రీజను మానుకోటలో ఉన్న మేనత్త సుజాత దగ్గరికి పంపారు. పంపేటప్పుడు రజిత అన్న మాట "రెండు దినాలే బిడ్డా". పిల్ల వెళ్ళింది, బాబు పుట్టాడు, సమ్మె మొదలైంది, బస్సులు ఆగాయి. రెండు దినాలు కాస్తా నెల దగ్గర పడ్డాయి.

ఆ పిల్ల అలిగింది. ఫోన్ చెవి దగ్గర పెడితే ఊపిరి తప్ప మాట రాదు. రజిత నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "బాపు, అది నాతోని ఇగ మాట్లాడదేమో. సద్దుల బతుకమ్మ నాటికన్న దాన్ని తోల్కరా. అది నా మొకం జూస్తే సాలు."

నేను రైల్వే గేటు దగ్గర పనిచేసి రిటైరైన మనిషిని. ఉద్యమం ఆపినన్ని బండ్లు నా సర్వీసులో నేనొక్కణ్ణే ఆపాను. నాకు ఈ బందులొక లెక్కా అనుకుని పండుగ ఐదో రోజున, అట్ల బతుకమ్మ నాడు, చేతిసంచి తగిలించుకుని బయల్దేరాను.

రఘునాథపల్లి: చీర గేటు

ఆటో రఘునాథపల్లి దగ్గర పక్కదారి పట్టగానే దారికి అడ్డంగా ఒక పాత చీర కనిపించింది. ఒక కొన వేపచెట్టుకు కట్టి ఉంది, రెండో కొన ఒక పిలగాడి చేతిలో ఉంది. ముందు పండ్లు ఊడిన మొహం, ఏడేళ్ళుండొచ్చు. వాడి పక్కన నాలుగేళ్ళ పిల్ల, వాళ్ళ నాయిన అంగీ తొడుక్కుని, చేతులు ఎక్కడున్నాయో తెలియకుండా నిలబడింది.

"ఏంది బిడ్డా గిది?" అన్నాను.

"బందు," అన్నాడు.

"ఎందాక?"

"తెలంగాణ అచ్చెదాక."

"వచ్చినంక ఏం జేస్తవ్?"

వాడికి ఈ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. "ఇంటికి పోయి బువ్వ తింట."

"నేను ముసలోన్ని, జర ఇడువు నాయినా."

"మా తాత గూడ ముసలోడే. పొద్దుగాల ఆపితె ఎనకకు పోయిండు."

ఇక పరువు సమస్య వచ్చింది. ఆటో దిగి మీసం సవరించాను. "నేనెవలనుకుంటున్నవ్? ఢిల్లీకి పోయే రైలును ఒక్క చేత్తోని ఆపినోన్ని."

నాలుగేళ్ళ పిల్ల అంగీలోంచి తల ఎత్తింది. "చెయ్యి నొయ్యలేదా తాతా?"

"నొచ్చింది. నెల దినాలు పట్టి కట్టుకున్న."

"రైలుకు నొచ్చిందా?" అన్నాడు పిలగాడు.

రైలు మీద వాడికున్న జాలి చూసి నాకు సిగ్గేసింది. "లేదు బిడ్డా, ఉత్తగ అన్న. నేను రైలును ఆపలే. రైలు పోనీకె గేటు ఏసి బండ్లను ఆపేటోన్ని. రైలొచ్చినప్పుడు పచ్చజెండ సూపేటోన్ని."

వాడి చేతిలోంచి చీర జారింది. "నిజం జెండనా? కట్టె ఉంటది సూడు, గదా?"

"గదే. ఎర్రది గూడ ఉండె."

రైలును ఆపానంటే నన్ను వెనక్కి పంపబోయిన ఆ ఇద్దరూ, పచ్చగుడ్డ ముక్క ఊపానంటే చెరో పక్క చేరి నా చేతులు పట్టుకున్నారు. గేటు ఎట్లా వెయ్యాలో, ముందు రెండు దిక్కులా ఎట్లా చూడాలో అక్కడే పాఠం చెప్పాను. పాఠం అయ్యాక పరీక్ష. రైలు కావాలన్నారు. రైలుగా నేనే దొరికాను. నాలుగేళ్ళ పిల్ల అంగీ చేతిని జెండాలా ఊపుతుంటే, సంచి నెత్తిన పెట్టుకుని, కూతపెడుతూ ఆ చీర కిందనుంచి నడుం వంచి దూరాను. నా వెనక మా ఆటో, దాని వెనక ఇంకో రెండు బండ్లు. ఆటో డ్రైవర్ నవ్వుతూనే ఘన్‌పూర్ దాకా నడిపాడు. కిరాయి మాత్రం మామూలు రోజులకు రెండింతలు తీసుకున్నాడు. సమ్మె రేటట.

స్టేషన్ ఘన్‌పూర్: కడుపులో చెట్టు

ఈ కాలంలో ఈ లైనుకు వచ్చి సీతాఫలాలు కొనకపోతే పాపం తగులుతుంది. స్టేషన్ బయట ఒకావిడ చిన్న గంపకు ఎనభై చెప్పింది. నలభైకి బేరం చేశానని ఇంట్లో చెప్పాను. డెబ్బై ఇచ్చాను. మా జనగామలో పండ్లు కొంటే పైన ఒకటి కొసరు వేస్తారు, ఇక్కడ కొసరు అడిగితే "నీ మొకానికి డెబ్బైకి ఇచ్చుడే కొసరు" అంది. ఆ మాట డెబ్బై చేస్తుంది.

దొరికిన ప్యాసింజర్ రైలు ఎక్కాను. బస్సులు లేనందువల్ల ఊళ్ళన్నీ రైల్లోనే ఉన్నాయి. నా ఎదురుగా ఒక తల్లి, ఆమె ఒళ్ళో నాలుగేళ్ళ పిలగాడు. వాడికి ఒక పండు ఇచ్చాను. వాడు గింజలతో సహా మింగడం చూసి ఊరుకోలేక, "గింజ మింగితే కడుపుల చెట్టు మొలుస్తది," అన్నాను.

వాడు నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు. తర్వాత పెదవులు వంకర తిరిగాయి. తల్లి నా వైపు చూసిన చూపుకు నేను వెంటనే ఒప్పేసుకున్నాను. "అబద్ధం నాయినా, మొలువది. ఉత్తగ అన్న."

ఇక్కడే నేను నేర్చుకున్నదొకటుంది. పిల్లలు అబద్ధాన్ని నమ్మినంత తొందరగా ఒప్పుకోలును నమ్మరు. నేను ధైర్యం చెప్పడానికి అట్లా అంటున్నానని వాడు అనుకున్నాడు.

కాజీపేటలో అడిగాడు. "ఇప్పుడు ఎంత పెరిగింది?"

"మొలువలేదు బిడ్డా."

వరంగల్‌లో అంగీ పైకెత్తి పొట్ట చూపించాడు. "ఆకులు అచ్చినయా?"

"రాలే."

అక్కడి నుంచి వాడికి భయం పోయి ఆసక్తి మొదలైంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని మెల్లగా కూర్చున్నాడు, కదిపితే కొమ్మలు విరుగుతాయన్నట్టు. నెక్కొండలో తల్లి భుజం మీద దిగిపోతూ వెనక్కి తిరిగాడు. "కాయలు కాస్తె నీకు పంపుత తాతా. గంప తెచ్చుకో."

పంపాలి మరి. చూస్తున్నాను.

మానుకోట: అలిగిన దినం

కాగితాల్లో మహబూబాబాద్, నోళ్ళలో మానుకోట. ఆ రాత్రి స్టేషన్ దగ్గర తెలిసినవాళ్ళింట్లో పడుకుని తెల్లారి సుజాత ఇంటికి బయల్దేరాను. అది ఆరో రోజు. మిగతా రోజుల్లో ఏ వాకిట్లో చూసినా గునుగు, తంగేడు, బంతి పూలు కుప్పలుగా ఉంటాయి. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది. ఆ రోజు పేర్చరు, ఆడరు. వీధులు తలస్నానం చేసి జుట్టు విరబోసుకున్న మనిషిలా బోసిగా ఉన్నాయి.

సుజాత ఇల్లు ఊరి చివర, మిరప తోటల పక్కన ఉంటుంది. దానికి ఆనుకునే లంబాడీల తండా. నన్ను చూడగానే సుజాత, "మామా, మంచిగ వచ్చినవ్. నిన్నటిసంది అన్నం గూడ సరిగ తింటలేదు. నా వశపడుత లేదు," అంది.

వాకిట్లో బోర్లించిన గంప మీద శ్రీజ కూర్చుని ఉంది. మొహం గోడ వైపు. పక్కన తండా పిల్ల అంజలి నిలబడింది, అదే ఈడు, రెండు జడలు.

"శ్రీజ తల్లీ," అన్నాను.

అంజలి జవాబిచ్చింది. "అది సమ్మెల ఉన్నది తాతా. మాట్లాడది. ఏమన్న ఉంటె నాతోని చెప్పుమన్నది."

"సరే. ఆమె డిమాండ్లు ఏంది?"

శ్రీజ అంజలి చెవిలో గుసగుసలాడింది. అంజలి గొంతు సవరించుకుంది. "ఒకటి, తమ్మున్ని దవాఖానల వాపస్ ఇయ్యాలె."

"దవాఖానోల్లు వాపస్ తీస్కోరు," అన్నాను.

గుసగుస. "ఎందుకట?"

"శ్రీజోల్ల నాయిన దవాఖాన చీటీ పారేసిండు."

అంజలికి ఇది అర్థమైంది. శ్రీజ వైపు తిరిగి సొంత మాటగా చెప్పింది. "నిజమేనే. మా అన్న చెప్పులు గూడ గట్లనే వాపస్ తీస్కోలే."

అప్పుడే తండా నుంచి అంజలి వాళ్ళమ్మ జొన్నరొట్టె, మిరపకాయ నూరిన కారం తెచ్చింది. అంజలి "యాడీ" అని పిలిచి వాళ్ళ మాటల్లో ఏదో గలగలా చెప్పింది. ఆమె నా వైపు చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రొట్టెను వాళ్ళు బాటి అంటారు. మా దిక్కు జొన్నరొట్టె పల్చగా, పెళుసుగా ఉంటుంది. ఇది మెత్తగా, మందంగా, అరచేతి ముద్రలతో ఉంది. కారం ఒక వేలితో నాకి, ఇదేం పెద్ద ఘాటు లేదన్నాను. సగం చెంబు నీళ్ళు తాగాక ఉందని ఒప్పుకున్నాను.

అది చూసి శ్రీజ గోడ వైపునుంచి ఒక కన్ను ఇటు తిప్పింది. ఆ కన్ను చాలు అనుకుని కథ ఎత్తుకున్నాను.

"ఇయ్యాల బతుకమ్మ గూడ అలిగింది, ఎర్కేనా? నా చిన్నప్పుడు నేను నా కండ్లతోని సూసిన. అలిగి మా జనగామ స్టేషన్ల బెంచి మీద కూసున్నది. నేనే పోయి చాయ్ తాపి తోల్కచ్చిన."

"అబద్ధం," అంది శ్రీజ.

నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"అమ్మ రెండు దినాలన్నది, అబద్ధం. అత్త రేపు రేపు అన్నది, అబద్ధం. నువ్వు గూడ అబద్ధం. పెద్దోల్లందరు అబద్ధమే." కండ్లు నిండాయి కానీ ఏడవలేదు. గంప అంచును గోటితో గీకుతూ ఉంది.

నా జీవితంలో ఎన్నో కథలు వదిలాను. ఒక్క మాటతో అన్నీ నేలకొరగడం ఆ రోజే చూశాను. గంప పక్కనే నేల మీద కూలబడ్డాను.

"నిజమే తల్లీ. నేను సూడలే. బతుకమ్మ ఎందుకు అలిగిందో ఒకలు ఒక తీరు చెప్తరు. నాకెర్క లేదు. ఒక దినం అలుగుతదని ఒక్కటే ఎర్క."

గంప గీకడం ఆపింది. "ఎవలు బతిమాలిండ్రు?"

"ఎవలు బతిమాలరు. ఆ దినం ఊకె ఇడిచిపెడ్తరు. తెల్లారి పూలు తెస్తరు."

"తేకపోతె?"

ఈ ప్రశ్నకు మా ముసలివాళ్ళెవరూ నాకు జవాబు చెప్పలేదు. "తేకపోతె ఇంక అలిగే ఉంటుండె."

"నా తానకు ఎవలు రాలే."

"నేనొచ్చిన గద."

"గిన్ని దినాలకు."

ఆలస్యంగా వచ్చానని ఒప్పుకున్నాను. బహుశా అదే పనిచేసింది. కాసేపయ్యాక అంజలి చెవిలో గుసగుస, తర్వాత తీర్మానం. శ్రీజ భూపాలపల్లికి వస్తుంది. కానీ అమ్మతో మాట్లాడుతుందని ఎవరూ అనుకోవద్దు. రెండోది, దారిలో తాత అబద్ధమాడితే అక్కడికక్కడే ఒప్పుకోవాలి. ఒప్పుకుని ఒక చాక్లెట్ జుర్మానా కట్టాలి.

"ఒప్పుకున్న," అన్నాను. "నేనసలు అబద్ధమే ఆడను."

"ఒకటి," అంది అంజలి.

చిట్యాల: రోడ్డు మీద పొయ్యి

తెల్లవారి వేపకాయల బతుకమ్మ. ఇద్దరు పిల్లలూ కలిసి తోట గట్ల మీద గునుగు, తంగేడు కోసి ఒక పెద్ద మూటకట్టారు. భూపాలపల్లిలో బొగ్గు తప్ప పూలుండవని అంజలి గట్టి నమ్మకం. శ్రీజ వెళ్తుంటే అంజలి రోడ్డు దాకా వచ్చి, "సమ్మె ఇడువకు," అని చెప్పింది.

వరంగల్ దాకా రైలు, ఆ రాత్రి మా చుట్టాలింట్లో పడక, అక్కడి నుంచి చేతికి దొరికిన బండి. అవన్నీ రాస్తే మీకు ఒళ్ళు నొప్పులు వస్తాయి. దారి పొడుగునా శ్రీజ నన్ను ప్రశ్నలతో దున్నింది. ట్రాలీ ఆటోలో గాలికి జుట్టు ఎగురుతుంటే అరిచి అడిగేది.

"తాతా, సమ్మె అయిపోయినంక రోడ్లు మల్ల నడుస్తయా?"

"రోడ్లు నడువయి బిడ్డా, మనమే నడుస్తం."

"మరి రోడ్లు బందైనయి అంటరేంది, అవ్వి ఎప్పుడన్న పనిచేసినయా?"



ఎనిమిదో రోజు మధ్యాహ్నం చిట్యాల దగ్గర ట్రాలీ ఆగింది. రోడ్డు మధ్యన రాళ్ళు పెట్టి పొయ్యిలు వెలిగించారు. పెద్ద గంజుల్లో అన్నం ఉడుకుతోంది, ఇంకోదాంట్లో పప్పుచారు, మసాలా పెట్టిన వంకాయ కూర. పక్కన టెంటు, టెంటులో మైకు. ఊరికి ఊరే రోడ్డు మీద వంట చేసుకుని తింటోంది. మా జనగామలోనూ వంటావార్పు చేశారు కానీ నిజం చెప్పాలంటే మా పప్పుచారులో ఇంత చింతపండు పడలేదు. దారిన పోయే వాళ్ళందరికీ విస్తరి. తినకుండా ఎవరూ కదలకూడదన్నది అక్కడి బందు నియమం. ఇంతకంటే మంచి బందు నేను చూడలేదు.

మైకు దగ్గర ఒక బడి సారు ఉన్నాడు. "పెద్దమనిషీ, ఏ ఊరు?" అన్నాడు.

"జనగామ. అక్కడి ఉద్యమమంత నా చేతుల మీదనే నడుస్తది," అన్నాను.

"అబద్ధం," అంది శ్రీజ. "చాక్లెట్ తియ్యి."

టెంటంతా ఒక్కసారి నవ్వింది. నేను జేబులోంచి తీసి ఇచ్చాను. అప్పటికే వరంగల్‌లో కొన్న పొట్లం సగమైంది. సారు కిందికి వంగాడు.

"నువ్వెవలమ్మా?"

"శ్రీజ. నేను గూడ సమ్మెల ఉన్న."

"ఎవల మీద?"

"మా అమ్మ మీద."

సారు నవ్వు ఆపుకుని ఆమెను కుర్చీ మీద నిలబెట్టి మైకు కిందికి దించాడు. మాట్లాడదు అనుకున్నాను. నెల రోజులు దాచుకున్నది ఎట్లా మాట్లాడదు?

"జై తెలంగాణ. మా అమ్మ రెండు దినాలని చెప్పి నన్ను మా అత్త తాన ఇడిచిపెట్టింది. రెండు దినాలు అయిపోయినయి. ఇంక మస్తు దినాలు అయిపోయినయి. బస్సులు లెవ్వన్నరు. బస్సులు లేకపోతె నడిచి రావాలె." ఆగింది. ఇంకేమీ గుర్తురాలేదు. "గంతే. జై తెలంగాణ."

చప్పట్లు కొట్టబోయిన వాళ్ళు ఎందుకో కొట్టలేదు. అన్నం గంజు దగ్గర గరిటె పట్టుకున్న ఒక అవ్వ మెల్లగా అంది. "గదే బిడ్డా. మాకు గూడ గట్లనే చెప్పిండ్రు. తెలంగాణ ఇస్తమన్నరు, మల్ల లేదన్నరు. గందుకే పొయ్యి తెచ్చి రోడ్డు మీద పెట్టినం."

శ్రీజ కుర్చీ దిగి ఆమె దగ్గరికి వెళ్ళింది. "మీరు గూడ అలిగిండ్రా అవ్వా?"

"అలిగినం."

"బతిమాలనీకె ఎవలన్న అచ్చిండ్రా?"

"ఇంక రాలే బిడ్డా."

పిల్ల జుర్మానాగా వచ్చిన చాక్లెట్ అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ దాన్ని కొంగున ముడేసుకుని, శ్రీజను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం కలిపి పెట్టింది. పెడుతూ పెడుతూ అడిగింది.

"మీ అమ్మ ఎందుకు రాలే?"

"తమ్ముడు పుట్టిండు."

"గట్ల జెప్పు. బాలింత ఎట్లొస్తది? బాలింతకు గడప దాటనియ్యరు. సల్లటి నీల్లు తాగనియ్యరు. చెవులకు గుడ్డ కడ్తరు. గాలి తగులనియ్యరు. మీ అమ్మ గూడ బందుల ఉన్నది బిడ్డా."

శ్రీజ నమలడం ఆపింది. "అమ్మకు గూడ బందా? ఎవలు పెట్టిండ్రు?"

"ఇంకెవలు, మా అసోంటి ముసలోల్లమే."

పిల్ల తల తిప్పి నా వైపు చూసింది. ఆ బందు పెట్టింది మా ఇంటామేనని నేను చెప్పలేదు. చెప్పకపోవడం అబద్ధం కిందికి రాదని అప్పటికి నా లెక్క.

ఆ సమయంలోనే పోలీసు జీపొకటి వచ్చి ఆగింది. లోపలి జవాను వంకాయ కూర వాసన పీల్చి, మా విస్తర్ల వైపు ఆశగా చూసి, పోనిమ్మన్నాడు. నేను వెనక్కి పంపానని జనగామలో చెప్పేది ఈ బండినే.

లేచి చూసేసరికి ట్రాలీ దగ్గర ఒక మేక మా మూట విప్పుకుని గునుగు పూలు నములుతోంది. తంగేడును ముట్టలేదు, దానికీ ఒక రుచి ఉంది. శ్రీజ ఏడుపు అందుకుంది. ఇన్నాళ్ళూ దాచుకున్న ఏడుపంతా పూల పేరు మీద వచ్చింది. ఎవరూ ఊకోమ్మా అనలేదు. ఆడవాళ్ళు గరిటెలు దించి ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళారు. ఒకరు దోసెడు బంతి, ఒకరు కట్లపూలు, ఒకరు గుమ్మడి పూలు, అవ్వ తన పెరట్లోని పట్టుకుచ్చు పూలు తెచ్చారు. మూట ముందుకంటే పెద్దదైంది. ఆ మేక ఎవరిదో మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

భూపాలపల్లి: సద్దుల నాడు

ఆ రాత్రి అవ్వ ఇంట్లో పడుకుని తెల్లారి బయల్దేరాం. బొగ్గుబాయి ఊరికి ఎప్పుడు వెళ్ళినా నా తెల్లపంచె బూడిదరంగుకు తిరుగుతుంది. ఈసారి తెల్లగానే ఉంది. లారీలు లేవు, సైరన్ లేదు. క్వార్టర్ల ముందు చెట్ల ఆకులు పచ్చగా ఉన్నాయి. ఆ చెట్ల అసలు రంగు సమ్మెలోనే చూశానని అల్లుడు రాజేందర్ అన్నాడు. చేతికి పిండి అంటించుకుని, రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తున్నాడు. పని లేని బొగ్గుబాయి మనిషి వంటింట్లో ఎంత అడ్డమో మా ఇంటామె నాకు తర్వాత అరగంట చెప్పింది.

రజిత గడప లోపల నిలబడి ఉంది. చెవులకు గుడ్డ, ముఖం పీక్కుపోయి ఉంది. శ్రీజ గేటు దగ్గరే ఆగిపోయింది. పూల మూటను గట్టిగా పట్టుకుంది.

"రా బిడ్డా," అంది రజిత. "రేపే నిన్ను తోల్కరానీకె నాయిన బయల్దేరుదామనుకున్నడు..."

శ్రీజ నా వైపు తిరిగింది. "తాతా, అమ్మకు జుర్మానా."

మా నియమం ఏమిటో రజితకు చెప్పాను. రజిత నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గడప మీద కూర్చుంది. మా ఇంటామె లోపలినుంచి గాలి తగులుతుందని అరిచినా లేవలేదు.

"నువ్వు ఏడుస్తవని రెండు దినాలన్న. ఎన్ని దినాలయితదో నాకే ఎర్క లేకుండె బిడ్డా. దవాఖానకు పోవుడంటే నాకు భయమయింది. నువ్వుంటే నేను గూడ ఏడుద్దును."

శ్రీజ ఈ మాటను అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టు నిలబడింది. "నీకు భయమైతదా?"

"అయింది."

"ఒక చాక్లెట్ ఇయ్యాలె నువ్వు. రెండు దినాలన్న దానికి."

"ఇస్త."

పిల్ల గేటు దాటి వచ్చింది. తల్లి ముందు నిలబడి చెవి గుడ్డను వేలితో తాకింది. "నిన్ను బందుల పెట్టిండ్రట గద."

అప్పుడు రజిత ఏడ్చింది. శ్రీజ లోపలికి చూసి గొంతు పెంచింది. "అమ్మమ్మా, బయటికి రా. చర్చలు జేద్దాం."

చర్చలు చాలాసేపు నడిచాయి. చల్లనీళ్ళ మీద మా ఇంటామె ఒక్క మెట్టు కూడా దిగలేదు. చెవి గుడ్డ మీద మాత్రం ఇంట్లో ఉన్నంత సేపు తీయొచ్చని ఒప్పందం కుదిరింది. ఇంట్లో నలభై ఏళ్ళుగా ఏ చర్చలోనూ నాకు దక్కని విజయం అది.

సాయంత్రం క్వార్టర్ల మధ్య మైదానంలో సద్దుల బతుకమ్మలు పెట్టారు. మాది కొంచెం ఒక పక్కకు ఒరిగింది. కింద చిట్యాల బంతి, మధ్యలో మేక వదిలేసిన మానుకోట తంగేడు, పైన అవ్వ పట్టుకుచ్చు పూలు. ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైనది మాదేనని రాయాలని ఉంది. కాదు. మా ముందు నలుగురివి ఉన్నాయి. శ్రీజ వాటి చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే రజిత కిటికీలోంచి చూసింది. ప్రతి చుట్టుకూ శ్రీజ కిటికీ దగ్గరికి రాగానే చెయ్యి ఊపేది, అమ్మ అక్కడే ఉందో లేదో తేల్చుకోవడానికి.

తిరిగొచ్చి మలీద తిన్నాక చీర ఉయ్యాల దగ్గరికి వెళ్ళింది. అప్పటిదాకా తమ్ముడిని చూడనే లేదు. మడమలెత్తి లోపలికి తొంగి చూసింది.

"వీనికి నోట్ల పండ్లే లెవ్వు."

"వస్తయి," అంది రజిత.

శ్రీజ ఉయ్యాల అంచు పట్టుకుని ఇంకా వంగింది. పెద్దమనిషి గొంతు పెట్టింది. "ఒరేయ్ తమ్ముడూ, నోట్ల పండ్లు రెండు దినాలల్ల వస్తయిరా."

అని, వెంటనే నా వైపు చూసింది. నేను పై కప్పు వైపు చూస్తున్నాను. పిల్ల కాసేపు గోరు కొరికింది.

"అబద్ధంరా," అంది మెల్లగా. "మస్తు దినాలు పడ్తది. నేను ఈడనే ఉంట."

గౌను జేబులోంచి ఒక చాక్లెట్ తీసి ఉయ్యాలలో వాడి చేతి పక్కన పెట్టింది. జుర్మానా. మళ్ళీ ఆలోచించి తీసుకుని, కాగితం ఒలిచి తన నోట్లో వేసుకుంది. "వీనికి పండ్లు లెవ్వు గద. వీని తరఫున నేను తింట."

అది విని బాబు నవ్వాడని జనగామలో అందరికీ చెబుతున్నాను. నవ్వలేదు. నిద్రపోతున్నాడు.